మన జేబులో ఎవరి కత్తి?

వారపు సంతల్లో ఈ మధ్య ఒక కొత్త సరుకు దిగింది. సెల్ ఫోను కవర్ల పక్కన, నల్ల కళ్ళద్దాల పక్కన పరిచి అమ్ముతున్నారు. నల్ల రంగు పూసిన మడత కత్తి. బొత్తాం నొక్కితే టక్కున తెరుచుకుంటుంది. వెన్ను మీద రంపపు పళ్ళు, పిడి చివర అద్దం పగలగొట్టే మొన, కొన్నిటికి చిన్న లైటు. పిడి మీద పుర్రె బొమ్మో, తోడేలు బొమ్మో, మనకి సంబంధం లేని ఏదో సైన్యం పేరో ఉంటుంది. సంతకి పోని వాళ్ళు ఫోనులో ఆర్డరు పెడితే మండల కేంద్రానికి వచ్చేస్తోంది. మన తమ్ముళ్ళు కొంటున్నారు, జేబు అంచుకి కనబడేలా తగిలించుకుంటున్నారు, చేతిలో తిప్పుతూ వీడియోలు తీసుకుంటున్నారు.

మరో వైపు మన హాస్టళ్ళలో ఒక పిల్లవాడి ట్రంకు పెట్టెలో వేలెడు చాకు దొరికితే చాలు, పెద్ద గొడవ. తల్లిదండ్రుల్ని పిలిపిస్తారు. "అడవి బుద్ధులు పోలేదు" అని ముఖం మీదే అంటారు. ఆ మాట అనేది మైదానం నుంచి వచ్చిన టీచరే కానక్కర లేదు. మన తెగలో పుట్టి, డీఎడ్ చేసి, మన పిల్లలకే పాఠం చెప్పే మాస్టారు కూడా అంటున్నాడు. అదే మాకు ఎక్కువ బాధ.

ఈ రెండిటితోనూ మాకు పేచీ ఉంది. ఆదివాసీ యువతీ యువకుల దగ్గర రోజూ ఒక కత్తి ఉండాలని మేము అంటున్నాం. అది బొత్తాం కత్తి కాకూడదని కూడా అంటున్నాం. మన కమ్మరి కొలిమిలో పుట్టిన, రెండు చేతులతో తెరవాల్సిన, ఏ హంగూ లేని మడత కత్తి కావాలి. ఎందుకు కావాలో, ఎలాంటిది ఎంచుకోవాలో వివరంగా చెప్పుకుందాం.

ముందు పని సంగతి. కత్తి లేకుండా మన రోజు ఎక్కడ గడుస్తుంది? అడ్డాకు కొయ్యాలి. కొండచీపురు కొయ్యాలి. వెదురు చీల్చి బద్దలు తియ్యాలి. ఆదిలాబాదు వైపు కొలాములు, గోదావరి గట్టున కొండరెడ్లు అల్లే తట్టా బుట్టా అంతా ఆ బద్ద సన్నంగా రావడం మీదే ఆధారపడి ఉంది. జీలుగు చెట్టు గెల కొనని రోజూ పల్చగా, ఒక్క పొర మాత్రమే కొయ్యాలి. మొద్దు కత్తితో నలిపితే కల్లు ఆగిపోతుంది. పాడేరు, అరకు తోటల్లో కాఫీ మొక్కకి వచ్చే పిలకలు తియ్యాలి, సిల్వర్ ఓక్ మీదికి పాకిన మిరియం తీగని కట్టాలి. మామిడి అంటు, జీడి అంటు కట్టాలంటే కోత నున్నగా తెగాలి, లేకపోతే అంటు పట్టదు. ఇవన్నీ పెద్ద కత్తి పనులు కావు. సగానికి పైగా వేలెడు బ్లేడుతో అయ్యే పనులే.

తపసి బంక కథ ఒకటి చాలు, చిన్న పదును విలువ తెలియడానికి. బంకకి మంచి ధర ఉందని తెలిసిన రోజుల్లో జనం గొడ్డలితో తపసి చెట్టుని లోతుగా నరికారు. ఒకటి రెండేళ్ళు బంక బాగా కారింది. ఆ తర్వాత గాయం మానక చెట్టు నిలువునా ఎండింది. కొండలకు కొండలు తపసి చెట్లు పోయాయి. తర్వాత పదునైన చిన్న పనిముట్టుతో పై బెరడు మాత్రమే కొద్దిగా తియ్యడం నేర్పారు. గాయం మానింది, చెట్టు బతికింది, మళ్ళీ బంక ఇచ్చింది. చెట్టూ అదే, మనిషీ అదే. మారింది చేతిలో ఉన్న పనిముట్టు, దాని పదును.

ఇక్కడ కొందరు మిత్రులు అడ్డం వస్తారు. "మడత కత్తి మన సంప్రదాయం కాదు కదా, మన తాతలు మొలకి దోపుకున్నది నిలువు కత్తి, భుజాన వేసుకున్నది గొడ్డలి" అంటారు. నిజమే. మడిచి జేబులో పెట్టుకునే కత్తి మన తాతల నడుమున లేదు. తాతకి జేబే లేదు. మనకి జేబు వచ్చింది. బస్సెక్కుతున్నాం, కాలేజీకి పోతున్నాం, ఐటీడీఏ ఆఫీసులో కాగితం పట్టుకుని నిలబడుతున్నాం, పని వెతుక్కుంటూ హైదరాబాదు, విశాఖ పోతున్నాం. మొలకి జానెడు కత్తి దోపుకుని ఆ చోట్లకి పోలేం. అలాగని వట్టి చేతులతో పోయి, సాయంత్రం ఊరు చేరి కట్టెపుల్ల కొయ్యడానికి పక్కింటి కత్తి అరువు తెచ్చుకోవడమూ బాగోదు. మడత అనేది ఈ కాలపు అవసరం. మంగలి కత్తి మడిచేదే. అది ఎవరి సంప్రదాయం కాదంటాం? కత్తి ఆకారం కాలంతో మారుతుంది. ఎవరు చేశారో తెలిసి, ఎందుకు చేశారో తెలిసి, పదును పోతే మనమే నూరుకోగలిగిన కత్తిని ఉంచుకోవడం మన తాతల అలవాటు. ఆ అలవాటు నిలబడాలి.

ఇప్పుడు ఆ నల్ల కత్తి సంగతికి వద్దాం. దానిమీద మా కోపం అది విదేశీ సరుకు అయినందుకు కాదు. పని చెయ్యనందుకు. బొత్తాం నొక్కగానే తెరుచుకునే కత్తి లోపల సన్నటి తీగ స్ప్రింగు ఉంటుంది. దాంట్లో వెదురు పొట్టు, మట్టి, చింతపండు జిగురు చేరితే రెండు వారాల్లో మొరాయిస్తుంది. విప్పి కడుగుదామంటే మన ఊళ్ళో దొరకని రకం మరలు బిగించి ఉంటాయి. వెన్ను మీద రంపం పళ్ళు ఉన్నాయి కాబట్టి బొటన వేలు ఆనించి నొక్కడానికి చోటు లేదు. వెదురు బద్ద తియ్యాలంటే బొటన వేలు వెన్ను మీద ఆనాల్సిందే కదా. బ్లేడు మందంగా ఉంటుంది, అంచు దగ్గర హఠాత్తుగా సన్నం చేసి ఉంటుంది. అది కొయ్యదు, చీలుస్తుంది. ఆ నల్ల రంగు నెల తిరక్కుండా లేచిపోయి కింద నాసిరకం ఇనుము బయటపడుతుంది. నూరితే ఒక పూట పదును, మర్నాటికి మొద్దు. ఇన్ని లోపాలున్న వస్తువుని మన వాళ్ళు ఎందుకు కొంటున్నారు? ఒకే ఒక్క పని అది బాగా చేస్తుంది కాబట్టి. ఎదుటివాడిని భయపెడుతుంది.

మేము దాపరికం లేకుండా చెప్పదలచుకున్నాం. ఒంటి చేత్తో, రెప్పపాటులో కత్తి తెరుచుకోవాల్సిన అవసరం ఏ వ్యవసాయ పనిలోనూ లేదు. అంటు కట్టేవాడికి తొందర లేదు. బుట్ట అల్లేవాడికి తొందర లేదు. తొందర ఉండేది కొట్లాటలో. సినిమాలో రౌడీ జేబులోంచి రాంపురి చాకు తీసి టక్కున తెరిచినప్పుడు ఆ శబ్దం మన తమ్ముళ్ళ చెవిలో పడింది. ఆ శబ్దాన్నే డబ్బిచ్చి కొంటున్నారు. జాతరలో, పెళ్ళిలో, కల్లు తాగిన చోట ఒక మాట తేడా వస్తే చెయ్యి ముందు జేబులోకి పోతుంది. పోయేది మన కుర్రాడి ప్రాణమే, జైలుకు పోయేదీ మన కుర్రాడే. సంతలో అమ్మినవాడు పై వారం ఇంకో సంతలో ఉంటాడు.

ఇంకో మాట కూడా ఉంది. మన గురించి మైదానంలో ఒక బొమ్మ ఉంది. ఈక పెట్టుకుని కత్తి ఝళిపించే అడవి మనిషి బొమ్మ. సినిమాలు గీశాయి, పాఠ్యపుస్తకాలు గీశాయి, పోలీసు రికార్డులు గీశాయి. ఆ బొమ్మని చెరపడానికి మన రచయితలు, మన అధ్యాపకులు ఏళ్ళ తరబడి రాస్తున్నారు, మాట్లాడుతున్నారు. పుర్రె బొమ్మ కత్తి తిప్పుతూ వీడియో పెట్టిన తమ్ముడు, ఆ బొమ్మకి తానే రంగులు వేస్తున్నాడు. కొమరం భీం పేరు కింద ఆ వీడియో పెట్టిన వాళ్ళనీ చూశాం. భీం అడిగింది జల్, జంగల్, జమీన్. ఆ మూడు మాటల్లో ఝళిపింపు ఎక్కడుంది?

అయితే కత్తిని పూర్తిగా మాన్పించేద్దాం అనే మాస్టార్లకి జపాన్ కథ చెప్పాలి. అక్కడ హ్యోగో ప్రాంతంలో మికి అనే కమ్మరుల పట్టణం ఉంది. 1890ల నుంచి అక్కడ హిగోనోకామి అనే మడత కత్తి చేస్తున్నారు. మడిచిన రేకు ఒకటి పిడి, ఒక బ్లేడు, ఒక చీల, అంతే. స్ప్రింగు లేదు, లాకు లేదు. బ్లేడుకి తోకలాంటి చిన్న మీట ఉంటుంది, పని చేసేటప్పుడు దాన్ని బొటన వేలితో అదిమి పట్టుకోవాలి. వదిలేస్తే మడుచుకుంటుంది కాబట్టి చెయ్యి జాగ్రత్తగా ఉండటం దానంతటదే అలవాటవుతుంది. బడి పిల్లలందరి జేబుల్లో అదే ఉండేది. దానితో పెన్సిలు చెక్కుకున్నారు, వెదురు బొమ్మలు చేసుకున్నారు.

1960 అక్టోబరులో అక్కడ ఒక సభలో సోషలిస్టు పార్టీ నాయకుడు అసనుమా ఇనెజిరోని 17 ఏళ్ళ కుర్రాడు వేదిక మీదే పొడిచి చంపాడు. పొడిచింది పాతకాలపు పొట్టి ఖడ్గంతో. శిక్ష పడింది మాత్రం పెన్సిలు చెక్కే కత్తికి. పిల్లల చేతికి పదును ఇవ్వకూడదని దేశమంతా ఉద్యమం లేచింది. పెన్సిలు చెక్కే యంత్రాలు వచ్చాయి. మికిలో కొలిములు ఒకటొకటిగా ఆరిపోయాయి. ఇప్పుడు ఆ పేరుతో కత్తి చేసే ఇల్లు ఒక్కటే మిగిలింది. తర్వాత్తర్వాత పిల్లలకి చేతిపని రావడం లేదని ఆ దేశమే బాధపడింది. నాగానో ప్రాంతంలో ఒక ప్రాథమిక పాఠశాల అయితే కొత్తగా చేరిన పిల్లలకి తిరిగి హిగోనోకామి ఇచ్చి పెన్సిలు చెక్కడం నేర్పుతోంది. అంత యంత్రాల దేశంలో ఒక బడి చేసిన పని మన ఆశ్రమ పాఠశాల ఎందుకు చెయ్యలేదు?

మన బడిలో ఇప్పుడు జరుగుతున్నదేమిటో మాస్టార్లు ఒకసారి చూడాలి. కత్తి నిషేధం. కాని పిల్లలు పెన్సిలు చెక్కుకునేది గడ్డం గీసుకునే బ్లేడుని సగానికి విరిచి! దానికి పిడి లేదు, రెండు వైపులా పదును, తుప్పు పట్టి ఉంటుంది, పుస్తకాల సంచిలో అడుగున దాక్కుంటుంది. వేళ్ళు తెగేది దానితోనే. పిడి ఉన్న చాకు నేరమట, పిడి లేని బ్లేడు ఫరవాలేదట. ఇదేం లెక్క?

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి, ఎందుకంటే చెక్‌పోస్టు దగ్గర భయపడేది మనవాళ్ళే. 1959 ఆయుధాల చట్టం ఆయుధం అంటే ఏమిటో చెప్పే చోటనే, ఇంటి పనికీ సేద్యానికీ మాత్రమే తయారైన వస్తువుల్ని పక్కన పెట్టింది. నిబంధనల్లో ఉన్న కొలత 9 అంగుళాల కంటే పొడవు, లేదా 2 అంగుళాల కంటే వెడల్పు. అది కూడా ఇంటి, వ్యవసాయ, శాస్త్ర, పరిశ్రమ పనుల కోసం చేసినవి కాకపోతేనే. బొత్తాం కత్తుల సంగతి వేరు. ఢిల్లీలో 1980 నాటి నోటిఫికేషను వాటిని ప్రత్యేకంగా పేర్కొని, బ్లేడు 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు చేరితే పట్టుకునేలా చేసింది. కాబట్టి చట్టం వైపు నుంచి చూసినా బెత్తెడు లోపు మామూలు మడత కత్తే మేలు. అయితే రోడ్డు మీద ఆపినవాడు చట్టం పుస్తకం తెరిచి చూడడు. అందుకే విమానం, మెట్రో, కోర్టు, పరీక్ష హాలు, ఎన్నికల బూతు, ఇలాంటి చోట్లకి కత్తి ఇంట్లో పెట్టి పోవాలి. తాగే చోటికి అసలే తీసుకుపోకూడదు. మిగతా చోట్ల సంచి అడుగున ఉండాలి. అడిగితే దాచకుండా, ఇది వెదురు పనికి, ఇది తోట పనికి అని చెప్పాలి. బొత్తాం కత్తి ఉన్నవాడు ఆ మాట చెప్పలేడు. చెప్పినా ఎవరూ నమ్మరు.

రాజ్యాంగం 25వ అధికరణం కింద వివరణలో సిక్కులు కిర్పాన్ ధరించడం వాళ్ళ మత ఆచారంలో భాగమని రాసుంది. కొడగు కొడవలకి ఆయుధాల లైసెన్సు నుంచి బ్రిటిషు కాలం నుంచీ మినహాయింపు ఉంది, 2019లో కేంద్రం దాన్ని మరో పదేళ్ళు పొడిగించింది. వాళ్ళకి ఉందని మాకు అసూయ లేదు. వాళ్ళు తమ కత్తి గురించి సిగ్గుపడలేదు, అది ఏమిటో తామే నిర్వచించుకున్నారు, అడిగి సాధించుకున్నారు. మన కత్తి ఏమిటో మనం చెప్పకపోతే, ఎస్ఐ గారు చెబుతారు, లేదా సంతలో అమ్మేవాడు చెబుతాడు. ఇప్పుడు జరుగుతున్నది అదే.

మన కమ్మరి మాట ఎత్తకుండా కత్తి గురించి మాట్లాడటం అన్యాయం. మన షెడ్యూల్డు తెగల జాబితాలో కమ్మర పేరు ఉంది. ఇనుము పని మనకి ఎవరో దానం చేసిన విద్య కాదు. మధ్య భారతంలో అగరియాలు రాయి కరిగించి ఇనుము తీసేవారు. తెలంగాణలో కోనసముద్రం ఉక్కు పర్షియా దాకా పోయింది. ఆ విద్య వట్టిగా చావలేదు. కొలిమికి బొగ్గు కావాలి, బొగ్గుకి కట్టె కావాలి. 1882 మద్రాసు అటవీ చట్టం, 1927 భారత అటవీ చట్టం రిజర్వు అడవిలో అనుమతి లేకుండా బొగ్గు కాల్చడాన్ని నేరం చేశాయి. కొలిమి తిత్తికి ఊపిరి అక్కడ ఆగింది. ఆ తర్వాత ఫ్యాక్టరీ కొడవళ్ళు, ఫ్యాక్టరీ పారలు చవగ్గా వచ్చాయి. ఇవాళ చాలా గూడేల్లో కమ్మరి అంటే నాగలి కర్రు సాగగొట్టే ముసలాయన ఒక్కడే. ఆయన కొడుకు సెంట్రింగు పనికి పోతున్నాడు. మన కుర్రాడు నల్ల కత్తికి పెట్టే డబ్బు, ఆయన దగ్గర మంచి కత్తికి సరిపోతుంది. ఆ డబ్బు ఊరు దాటిపోతోంది.

సరే, ఎలాంటిది చేయించుకోవాలి?

బ్లేడు పొడవు బెత్తెడు, అంటే నాలుగు వేళ్ళ వెడల్పు. అంతకు మించితే జేబులో ఇమడదు, చూసేవాడికి అనుమానం. రెండు వేళ్ళకి తగ్గితే వెదురు చీలదు. మొన మరీ బాణంలా ఉండనక్కర లేదు. వెన్ను తిన్నగా, చదునుగా ఉండాలి, వేలు ఆనుతుంది. వెన్ను నుంచి అంచు దాకా ఏటవాలుగా సన్నబడుతూ రావాలి.

ఉక్కు గురించి పెద్ద చర్చ ఉంది. తెల్లగా మెరిసే స్టెయిన్‌లెస్ తుప్పు పట్టదు, నిజమే. మంచి స్టెయిన్‌లెస్ ఖరీదు, చవకది పదును నిలపదు. మన కమ్మరి వాడేది పాత లారీ కమాను పట్టీ. అది కార్బన్ ఉక్కు. ఎర్రగా కాల్చి నూనెలో ముంచి, మళ్ళీ సన్నని సెగ మీద కొంచెం వేడి చేస్తే గట్టిదనమూ వస్తుంది, పెళుసుదనమూ పోతుంది. వాగు రాయి మీద నూరినా పదును ఎక్కుతుంది. దానికి ఒక గుణం ఉంది. చింతపండు, మామిడికాయ కోస్తే నల్లబడుతుంది. అది రోగం కాదు, భయపడనక్కర లేదు. తుడిచి పెట్టుకుంటే ఆ నలుపే కొంత కాపాడుతుంది. వానాకాలం మాత్రం రోజూ పొడి గుడ్డతో తుడిచి, వారానికోసారి రెండు చుక్కల ఇప్ప నూనె రాయాలి. ఇప్ప నూనె ఇంట్లో ఉండగా డబ్బా నూనె ఎందుకు?

తయారైన కత్తిని ఆకురాయితో పరీక్షించవచ్చు. అంచు దగ్గర ఆకురాయి ఆడించి చూడండి. జారిపోతే ఉక్కు గట్టిపడింది. కొరికేస్తే ఇంకా మెత్తగా ఉంది, తిరిగి కొలిమిలో పెట్టమని అడగండి. పెద్దాయన కోప్పడరు. తెలిసిన పిల్లలు వచ్చారని సంతోషిస్తారు. తర్వాత తెరిచి పక్కలకి కదిపి చూడాలి. చీల దగ్గర లొడలొడలాడితే వద్దు. మడిచినప్పుడు మొన పూర్తిగా పిడిలోకి దాగాలి, గోరు కూడా తగలకూడదు. ఊపితే తెరుచుకోకూడదు. రెండు చేతులు పెడితేనే తెరుచుకునేంత బిగువు ఉండాలి. లాకు ఉండాలా వద్దా అంటే మాలోనే రెండు మాటలున్నాయి. ఫ్రాన్సులో సవాయ్ కొండల్లో 1890లో జోసెఫ్ ఒపినెల్ చేసిన రైతు కత్తికి మొదట లాకు లేదు. 1955లో ఒక ఉంగరంలాంటి లాకు పెట్టారు, తిప్పితే బిగుస్తుంది. అలాంటిది మన కమ్మరి చెయ్యగలిగితే మంచిదే. చెయ్యలేకపోతే, కత్తిని పొడవడానికి వాడనివాడికి లాకు లేకపోయినా నడుస్తుంది. కొయ్యడంలో బలం అంతా బ్లేడుని తెరిచిన వైపే నెడుతుంది.

పిడికి తుమ్మ చాలు. బర్రె కొమ్ము ఇంకా బాగుంటుంది. దుప్పి కొమ్ము పిడి మాత్రం వద్దు. అడవిలో రాలి దొరికిందే అయినా సరే, వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన మీద కేసు రాయడానికి అంతకంటే తేలిక దారి ఇంకొకటి ఉండదు. షోకు కోసం జైలు ఎందుకు?

ఇంతసేపూ తమ్ముళ్ళ గురించే మాట్లాడాం. నిజానికి మన ఇళ్ళలో రోజంతా కత్తి పట్టేది ఎవరు? అడ్డాకు కోసేది అమ్మ, చీపురు కోసేది అక్క, కూర తరిగేది వదిన. సంతలో కత్తి అమ్మేవాడు ఆడపిల్ల ముఖం కూడా చూడడు. ఎందుకంటే వాడు అమ్మేది పనిముట్టు కాదు, మీసం. ఆడపిల్ల చేతికి సరిపడే సన్న పిడి కత్తి ముందు చేయించాలని మేము అంటాం. కాలేజీకి పోయే చెల్లెలు సంచిలో పుస్తకంతోపాటు అది ఉండనివ్వండి. ఆత్మరక్షణకని ఆమెకి కత్తి ఇచ్చే ఉపన్యాసాలు మాకు నచ్చవు. భయంతో తీసిన కత్తి చాలాసార్లు ఎదుటివాడి చేతిలోకే పోతుంది. ఆమెకి పని ఉంది కాబట్టి ఇవ్వండి.

మాస్టార్లకి, టీచరమ్మలకి ఒక దారి ఇప్పటికే కాగితం మీద ఉంది. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు పుస్తకాల సంచి లేకుండా పది రోజులు స్థానిక వృత్తి పనివారి దగ్గర నేర్చుకోవాలని చెబుతోంది. వడ్రంగి, తోటమాలి, కుమ్మరి అని పేర్లు కూడా రాసింది. మన ఊరి కమ్మరిని అందులో ఎందుకు చేర్చకూడదు? 1937 వార్ధా సభలో గాంధీ చేతిపని ద్వారా చదువు అన్నప్పటి నుంచి ఈ మాట వింటూనే ఉన్నాం. మన బడుల్లో అది తోటకి నీళ్ళు మోయించడంగా, వంటచెరకు ఏరించడంగా మిగిలింది. ఒక వారం పిల్లలని కొలిమి దగ్గర కూర్చోబెట్టండి. దాగలి, పట్టుకారు, తిత్తి వాళ్ళ భాషలో ఏమంటారో రాయించండి. కోయలో ఒకటి, సవరలో ఒకటి, గోండిలో ఒకటి వస్తాయి, అదే ఒక భాషా పాఠం. ఉక్కు రంగు మారడం సైన్సు పాఠం. ఎనిమిదో తరగతి పిల్లలకి కత్తి తెరవడం, మడవడం, మనిషికి అందించేటప్పుడు పిడి వైపు అందించడం, శరీరానికి అవతలి వైపు చెక్కడం నేర్పండి. కత్తులు టీచరు బీరువాలో ఉండవచ్చు, లెక్క పెట్టి ఇచ్చి లెక్క పెట్టి తీసుకోవచ్చు. నేర్పకుండా నిషేధించిన బడి పిల్లవాడికి ఆ పాఠం సంతలో నల్ల కత్తి వాడే చెబుతాడు.

ఇక చేయించుకోవడం ఎలా అంటే, ఒక్కడు పోయి ఒక్క కత్తి అడిగితే కమ్మరి కొలిమి రాజెయ్యడు. బొగ్గు దండగ. పదిమంది కలిసి పోవాలి. కోతల ముందు ఆయనకి కొడవళ్ళ పనితో తీరికుండదు, సంక్రాంతి దాటాక అడగాలి. మండల కేంద్రంలో మెకానిక్ షెడ్డు దగ్గర విరిగిన కమాను పట్టీ ముక్క తూకానికి దొరుకుతుంది, అది మనమే తీసుకుపోతే ధర తగ్గుతుంది. కావలసిన కత్తి ఆకారం అట్ట మీద అసలు కొలతకి గీసి కత్తిరించి ఇవ్వాలి, నోటితో చెబితే ఒకటి చెబుతాం, ఇంకొకటి వస్తుంది. బ్లేడు మీద పేరు కొట్టించాలనుకుంటే మన పేరు వద్దు, ఆయన పేరు కొట్టమనండి. మొదటి కత్తికి బిగువు సరిగా రాకపోవచ్చు, ఆయన మడత పని చేసి ఎన్నేళ్ళయిందో! వెనక్కి తీసుకుపోయి చీల బిగించమని అడగాలి, బేరం మాత్రం ఆడొద్దు. పదిలో రెండు అమ్మాయిలకి సరిపోయే పిడితో ఉండాలని ముందే చెప్పాలి.

పాత నల్ల కత్తి ఉన్నవాళ్ళు దాన్ని కూడా తీసుకుపోండి. అందులో బ్లేడు ఎందుకూ పనికిరాదు కాని, పిడికి పెట్టిన ఇత్తడి చీలలు ఆయన వాడుకుంటాడు.